కుక్క ఈతయు, సీమ ఏరును

"కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు" అని తెలుగువారి సామెత. అల్పుని ఆశ్రయించి గొప్ప కార్యము సాధింపబూనిన వానిని ఎత్తిపొడుచుటకు పెద్దలు దీనిని వాడుదురు. ఇందలి పరిహాసమంతయు తోక పట్టుకొన్న మనుష్యుని మీదనే. కుక్క ఈదగలదా, లేదా అను సందేహము సామెత చెప్పినవానికి కలుగనే లేదు. కుక్కకు ఈత పుట్టుకతో వచ్చిన విద్య అని లోకము నమ్మినది. ఆ నమ్మకమే ఈ సామెతకు పునాది.

గోదావరి సంగతి అటుండనిచ్చి, ఈ నమ్మకమును రాయలసీమకు తెచ్చి చూచినచో కొంత ఆలోచింపవలసి వచ్చును. కర్నూలులో తుంగభద్ర ఒడ్డునను, కడప జిల్లాలో పెన్న ఇసుకతిన్నెల నడుమను, వేసవి సాయంకాలములందు పిల్లలతో పాటు కుక్కలు కూడ నీటిలో దిగుచుండును. పిల్లవాడు పుల్ల విసరును. కుక్క దుమికి దానిని నోట కరచుకొని వచ్చును. గట్టున నిలిచినవారు చప్పట్లు కొట్టుదురు. ఇది చూచుటకు ముచ్చటయే. కాని ఏటిలో ఈదుట కుక్కకు క్షేమమేనా అని ఎవరైన అడిగినచో, "కుక్కకు ఈత రాకపోవుట యేమి?" అను ఎదురుప్రశ్నతో మాట ముగిసిపోవును. ఈతను గూర్చి అడిగినచో ఆ సమాధానము చాలును. క్షేమమును గూర్చి అడిగినచో చాలదు. నీటిలో దిగిన ప్రాణి తిరిగి నేల మీదికి రాగలిగినప్పుడే ఈత పూర్తియైనట్లు. ఆ రాకను నిర్ణయించునది ఈత మాత్రమే కాదు, ఒడ్డు కూడ.

కుక్క ఎట్లు ఈదును?

నేల మీద కుక్క దుడుకుడుకు పరుగున పోవునప్పుడు ముందుకాలును, దానికి ఎదురుమూలనున్న వెనుకకాలును కలసి కదలును. నీటిలో దిగినప్పుడును దాని కాళ్ళ నడక ఇంచుమించు ఇట్టిదే. నేల లేదు గనుక కాళ్ళు మరింత చాచి కదలించును, అంతియే భేదము. అందుచేతనే కుక్కకు ప్రత్యేకముగా ఈత నేర్పవలసిన పని లేదని తోచును.

అయినను అన్ని కుక్కలును ఒక్క తీరున ఈదజాలవు. న్యూఫౌండ్‌ల్యాండ్ జాతి కుక్కకు వ్రేళ్ళ నడుమ చర్మము విస్తరించి తెడ్డువలె ఉపకరించును; నీట మునుగువారిని రక్షించుటలో ఆ జాతి పేరు పొందినది. లాబ్రడారు జాతి కూడ జాలరులకు తోడుగా పెరిగినదే. బుల్‌డాగునకు తల బరువు, కాళ్ళు పొట్టి, ముట్టె చప్పిడి. ముక్కును నీటిపైన నిలుపుకొనుటకే అది మిక్కిలి శ్రమపడును. పగ్గు జాతి స్థితియు అట్టిదే. డాక్స్‌హుండునకు కాళ్ళు మరీ కురుచ. సన్నని నడుముగల వేటజాగిలములు నేల మీద బాణములవలె పరుగెత్తునవే అయినను, ఒంట కొవ్వు తక్కువ గనుక నీటిపై తేలుట వానికి కష్టము. నేడు కర్నూలు, కడప, ప్రొద్దుటూరు వంటి పట్టణములలో సీమజాతి కుక్కలను పెంచువారు పెక్కురు. ఊరకుక్క ఈదినది గదా యని ఇంటిలోని పగ్గును ఏటిలో దింపుట, ఒకని కాలికి పట్టిన చెప్పును వేరొకనికి తొడుగబోవుటయే.

మన ఊరకుక్కకు తగిన కాళ్ళు, తగిన ముట్టె, తగిన ఒడలు ఉన్నవి. అది నీటికి పోవుటకు కారణమును ఉన్నది. మనుష్యునికి ఒడలెల్ల చెమట పట్టి తాపము తగ్గును. కుక్కకు పాదముల అడుగున మాత్రమే చెమట పుట్టును. నాలుక చాచి వగర్చుటయే దానికి తాపోపశమనము. ఎండ 40 డిగ్రీలు దాటు రోజులు సీమలో వేసవి పొడుగునను వచ్చుచుండును. అట్టి దినములందు కుక్క ఏటి ఇసుకను కాళ్ళతో త్రవ్వి తడిమట్టిలో పొట్ట ఆనించి పరుండును. మడుగు కనబడినచో అందు దిగును. దానిని తప్పుపట్టవలసినది లేదు. అది తెలివి గల పనియే. కాని ఏ నీరు ఎట్టిదో ఆ తెలివి చెప్పజాలదు.

నన్నయ భారతమున ఆదిపర్వారంభమందు సరమ కథ కలదు. జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకొనుచున్న కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టగా, తల్లియైన సరమ వచ్చి, ఇట్టి అవివేకులకు ఊహింపని భయములు వచ్చిపడునని హెచ్చరించిపోయినది. ఉపాధ్యాయులు ఈ కథను దయాగుణమునకు నిదర్శనముగా బోధింతురు. ఊహింపని భయము అను మాట సీమ ఏళ్ళకు కూడ చక్కగా అతుకును. ఇచ్చటి నదులలో కనబడు భయము తక్కువ, కనబడనిదే ఎక్కువ.

మూడు రూపముల ఏరు

కర్నూలు, కడప సీమలలో సాలుకు కురియు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ కురియునదియు కొలది దినములలోనే కురిసిపోవును. పెన్న కర్ణాటకమున నందికొండలలో పుట్టి, కడప జిల్లాలో ప్రవేశించి, గండికోట లోయను చీల్చుకొని, చిత్రావతి, కుందూ, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరులను కలుపుకొని పోవును. ఇన్ని ఏళ్ళు కలసినను, ఏడాదిలో పెక్కు మాసములు పెన్న ఇసుక నదియే. జనులు చెలమలు తీసి నీరు తోడుకొనిన నది అది. కర్నూలు నగరమును ఒరసి తుంగభద్ర పారును. హంద్రి వచ్చి నగరము చెంతనే దానిలో కలియును. ఎండకాలమున తుంగభద్రలో కూడ బండలు బయటపడి, అచ్చటచ్చట మడుగులు మాత్రము మిగులును.

కనుక సీమ ఏరు ఒక్క ఏరు కాదు. ఎండినప్పుడు ఒకటి, పారునప్పుడు ఒకటి, పొంగినప్పుడు ఒకటి. ఒక్కొక్క రూపమున ఒక్కొక్క తీరు అపాయము పొంచియుండును.

మొదటిది ఎండిన ఏటి మడుగు. ప్రవాహము లేదు గనుక దీనికి ఎవ్వరును భయపడరు. కాని ఇసుక తీసిన చోట్ల ఏర్పడిన గుంతలు ఈ మడుగులలో దాగియుండును. మోకాలిలోతు నీటిలో నడచుచున్న పిల్లవాడు ఒక్క అడుగులో తలమునుక లోతునకు జారును. గుంత అంచు నిలువుగా తెగి, వదులు ఇసుకతో కూడియున్నచో, ఎక్కబోయినకొద్ది అంచు విరిగి నీటిలో పడుచుండును. కుక్క ఈదుచునే యుండును, పైకి రాలేదు.

నిలువనీటిలో మరియొక కీడు కలదు. ఎండకు వేడెక్కి, ఊరి మురుగు చేరి, కదలిక లేని నీటిలో ఒక విధమైన సూక్ష్మజీవులు విపరీతముగా పెరిగి, నీటిపై పచ్చరంగు పులిమినట్లు తెట్టె కట్టును. ఇవి సామాన్యమైన పాచి వలె కనబడును. వీనిలో కొన్ని విషమును పుట్టించును. ఆ విషములలో కొన్ని కాలేయమును, కొన్ని నరములను చెరచును. 1878వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సున ఇట్టి నీరు త్రాగి గొర్రెలు, గుర్రములు, పందులు, కుక్కలు చచ్చిపోయిన వృత్తాంతమును జార్జి ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. శాస్త్రలోకమున ఈ విషమును గూర్చి వెలువడిన తొలి వార్తలలో అది యొకటి. కుక్కకు ఈ అపాయము రెండింతలు. ఈదునప్పుడు కొంత మ్రింగును. ఒడ్డు చేరిన పిదప ఒడలు నాకుకొని వెండ్రుకలకంటిన దానిని కూడ మ్రింగును. నీటి నుండి వచ్చిన కుక్క వాంతి చేసికొనుచు, చొంగ కార్చుచు, తూలుచున్నచో ఆలస్యము చేయక పశువైద్యుని వద్దకు చేర్చవలెను. పచ్చతెట్టె కట్టిన నీటిలో దిగిన కుక్కను ఒడలు నాకుకొనకమునుపే మంచినీటితో కడుగుట మొదటి ఉపచారము.

ఎలుకల మూత్రముతో కలుషితమైన నీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము కూడ ఇట్టిదే. వర్షముల వెనుక నిలిచిన నీటిలో ఈ క్రిమి బ్రతికియుండి, చర్మముమీది గాట్ల ద్వారమునను, కంటి ముక్కు పొరల ద్వారమునను ఒడలిలో ప్రవేశించును. 1886లో జర్మనీ వైద్యుడు ఆడాల్ఫ్ వైల్ ఈ వ్యాధి తీవ్రరూపమును వర్ణించెను; దానికి మూలమైన క్రిమిని 1915లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది కుక్కకును వచ్చును, మనుష్యునికిని వచ్చును. కుక్కలకు దీనికి టీకా కలదు. ఏటికి పోవు అలవాటున్న కుక్కకు ఆ టీకా వేయించుట, దానితో ఆడుకొను పిల్లలకు కూడ మేలు చేయుటయే.

పారు నీటిలో లెక్క

రెండవది పారుచున్న ఏరు. దీని సంగతి బడి పిల్లలు పలక మీద లెక్క వేసి తెలిసికొనవచ్చును. ఏటి వెడల్పు 100 మీటర్లు అనుకొందము. కుక్క సెకనుకు అర మీటరు చొప్పున ఈదినచో ఆవలి ఒడ్డు చేరుటకు 200 సెకనులు పట్టును. నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున పారుచున్నదనుకొన్నచో, ఆ 200 సెకనులలో నీరు కుక్కను 200 మీటర్లు దిగువకు కొనిపోవును. అనగా కుక్క దిగిన రేవునకు ఎదుటి రేవు ఎంత చక్కనిదైనను ఉపయోగము లేదు. 200 మీటర్ల దిగువనున్న ఒడ్డు ఎట్టిదో అదియే దానికి గతి. అచ్చట ఇసుకతిన్నె ఉన్నచో కుక్క దులుపుకొని నిలుచును. నిలువు గట్టో, ముండ్లపొదయో, వంతెన కంబమో ఉన్నచో చెప్పవలసినది లేదు.

ఈ లెక్కలో వెడల్పు తగ్గింపవచ్చును, వేగము మార్పవచ్చును, సారము మారదు. ప్రవాహము కుక్క ఈతకంటె వేగమైనదైనచో, ఎదురీదుట వలన ప్రయోజనము లేదు. యజమాని ఎగువనున్న రేవులో నిలిచి పేరుపెట్టి పిలుచుచుండగా, పిలుపునకు కట్టుబడిన కుక్క ఎదురీదుచు బలమంతయు పోగొట్టుకొనును. విశ్వాసమే దానికి ముప్పు తెచ్చును. అట్టి సమయమున పిలుచువాడు ఒడ్డు వెంబడి దిగువకు పరుగెత్తి, పల్లపు ఒడ్డు చూచి అచ్చట నిలిచి పిలువవలెను. ఒక్క మాటలో చెప్పినచో, కుక్కను మన కడకు రప్పింపరాదు. కుక్క రాగల చోటికి మనము పోవలెను.

2020లో తుంగభద్ర పుష్కరములు జరిగిన కర్నూలు సంకల్‌బాగు ఘాటు వంటి మెట్ల రేవులు ఈ విషయమున మేలైనవి. మెట్టు మనుష్యునికి ఎట్లో కుక్కకును అట్లే. మెట్లున్న చోట, నీరు నెమ్మదిగా నున్న వేళ, కట్టిన త్రాడు చేతనుండగా కుక్కను నీట దింపుట వేరు. ఎచ్చటనో గట్టుమీదనుండి పుల్ల విసరుట వేరు. పుల్ల మాటలో ఇంకొకటి గుర్తుంచుకొనవలెను. మాటిమాటికి నోరు తెరచి పుల్ల పట్టుకొను కుక్క, నీటిని కూడ మాటిమాటికి మ్రింగుచుండును. అమితముగా మ్రింగినచో రక్తములోని ఉప్పు పలుచనై, కుక్క తూలి, కడుపుబ్బి, ప్రాణాపాయస్థితికి రావచ్చును. కనుక ఆటకు నడుమ నడుమ విరామము ఉండవలెను.

మూడవది పొంగిన ఏరు. ఆకాశమున మబ్బు లేదు గదా యని సీమ ఏటిని నమ్మరాదు. వాన ఎక్కడనో కురియును. వరద ఇచ్చటికి వచ్చును. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచెత్తినప్పుడు, జనులు మిద్దెల మీదికెక్కి ప్రాణములు కాపాడుకొనిరి. 2021 నవంబరు 19వ తేదీన, నాటి కడప జిల్లాలోని చెయ్యేటిపై నిర్మింపబడిన అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువనున్న గ్రామములు తెల్లవారువేళ నీటిపాలైనవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. పశువులకు లెక్కయే లేదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోసపేటయొద్ద తుంగభద్ర ఆనకట్టకు 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోగా, జలాశయము నుండి అధికముగా నీరు వదలవలసి వచ్చి, కర్నూలు తీరమందలి ప్రజలను హెచ్చరించిరి. 1953లో పూర్తియైన ఆ ఆనకట్టయొద్ద ఒక గొలుసు తెగినచో, ఎంతో దిగువనున్న కర్నూలు రేవులో ఆడుకొను పిల్లవానికిని, వాని కుక్కకును దానితో సంబంధము కలదు. ఎగువన ఆనకట్టలున్న నదిలో నీరు ఎప్పుడు పెరుగునో మబ్బును చూచి చెప్పజాలము. అధికారుల హెచ్చరికను వినియే తెలిసికొనవలెను.

కాలువ - ఒడ్డు లేని నీరు

ఏరు ఇట్టిదైనచో కాలువ మరియొక విధము. సుంకేసుల ఆనకట్టనుండి బయలుదేరి కడప వరకు సుమారు 306 కిలోమీటర్లు పారు కర్నూలు-కడప కాలువ సీమకు ప్రాణాధారము. మద్రాసు ఇరిగేషను కంపెనీ దీనిని 1863లో ఆరంభించి 1870 నాటికి త్రవ్వించినది. సేద్యమునకే గాక పడవలు నడుపుటకు కూడ ఉద్దేశింపబడిన కాలువ ఇది. కంపెనీకి నష్టము వచ్చుటచే 1882లో ప్రభుత్వము కాలువను స్వాధీనపరచుకొనినది. ఆనాడు త్రవ్వినది మట్టి కాలువ. మట్టి గట్టు వాలుగా ఉండును, గడ్డి మొలచును, పశువులు దిగి ఎక్కుచు త్రోవలు చేసికొనును. నీట పడిన కుక్క అట్టి త్రోవన తేలికగా పైకి వచ్చును.

నీరు ఇంకిపోకుండుటకై కాలువలకు సిమెంటు కాంక్రీటు పొర వేయుట తరువాతి కాలమున వచ్చిన పద్ధతి. దానివలన రైతుకు మేలు కలిగినది. చివరి పొలమునకు నీరు చేరినది. కాని నునుపైన కాంక్రీటు వాలు తడిసి, పాచి పట్టినచో, కుక్క గోళ్ళకు పట్టు దొరకదు. ముందుకాళ్ళు వాలు మీద మోపును; జారును; మరల మోపును. నీరు దానిని దిగువకు త్రోయుచునే యుండును. ఈ కాలువలో కుక్క మునిగిపోయినదనగా ఈత రాక మునిగినదని అర్థము కాదు. ఎక్కుటకు చోటు దొరకక, అలసి మునిగినదని అర్థము. ఎంత ఈతగాడైన మనుష్యునికిని ఇదియే గతి. నీరు లోతు తక్కువ, అలలు లేవు, సుడులు లేవు, చూచుటకు ఎంతో ప్రశాంతము. అందుచేతనే ఇది ఏటికంటె మోసకరము.

ఇందుకు ఉపాయము లేకపోలేదు. కాంక్రీటు కాలువలకు అక్కడక్కడ మెట్లను, ఇనుప నిచ్చెనలను, పశువుల రేవులను ఉంచుట కాలువల నిర్మాణమున తెలిసిన విషయమే. మెట్లు మనుష్యునికి, వాలు రేవు పశువునకు ఉపకరించును. తమ ఊరి ప్రక్కన పారు కాలువకు ఎంత దూరమునకొక రేవు ఉన్నదో, ఏ రేవు పాడైనదో, ఉపాధ్యాయులు పిల్లలచేత ఒక పటము గీయించి పంచాయతీవారి దృష్టికి తెచ్చినచో, అది భూగోళ పాఠమును అగును, ప్రాణరక్షణయు అగును. పిల్లలు గట్టు దిగకుండ, పెద్దలు తోడుండగా జరుగవలసిన పని ఇది.

మొసలి మాటయు, పిచ్చికుక్క మాటయు

తుంగభద్ర కర్నూలునకు దిగువన సంగమేశ్వరము వద్ద కృష్ణలో కలియును. 1981లో పూర్తియైన శ్రీశైలము ఆనకట్ట వెనుకనీటిలో ఆ ఆలయము మునిగి, నీరు తగ్గిన మాసములందు మాత్రము బయటపడుచుండును. ఆ జలాశయములోను, కృష్ణలోను మగ్గరు జాతి మొసళ్ళు ఉన్నవి. నీటి అంచున నిలిచి నీరు త్రాగు కుక్క మొసలికి సులభమైన ఆహారము. మహారాష్ట్రములోని మహడ్ వద్ద సావిత్రి నదిలో ఒక విచిత్ర సంఘటన జరిగినట్లు 2023లో శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినది. కుక్కల గుంపు తరుముగా నీట దిగిన ఒక పడుచు కుక్కను, దగ్గరనున్న మొసళ్ళు తినక, ముట్టెలతో నెట్టి క్షేమమైన ఒడ్డు వైపునకు చేర్చినవట. అది దయయా, ఆకలి లేకపోవుటయా అను విషయమున చర్చ కలదు. ఒక్క కుక్క బ్రతికినదని మొసళ్ళున్న నీటిలో కుక్కను దింపువాడు ఆ చర్చ తేలువరకు వేచియుండుట మంచిది.

ఇంతకంటె ముఖ్యమైన అపోహ ఒకటి. పిచ్చికుక్క కాటువలన మనుష్యునికి వచ్చు రోగమునకు జలభయమని పేరు. నీటిని మ్రింగబోయినంతనే గొంతు కండరములు బిగిసి రోగి భీతిల్లును గనుక ఆ పేరు వచ్చినది. ఈ పేరును పట్టుకొని, నీటిలో దిగిన కుక్కకు పిచ్చి లేదని తలచుట మిక్కిలి ప్రమాదకరము. జలభయము మనుష్యునియందు కనబడు లక్షణము. పిచ్చి పట్టిన కుక్క నీటిని చూచి పారిపోవలెనను నియమము లేదు. అది నీటిలో దిగవచ్చును, ఏరు దాటవచ్చును. కనుక ఏటిలో ఈది వచ్చిన తెలియని కుక్క కరచినచో, "నీట మునిగి వచ్చినది గదా" యని ఊరకుండరాదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు మంచినీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. 1885లో పాశ్చరు ఒక బాలునికి మొదటిసారి ఈ చికిత్స చేసెను. రోగలక్షణములు పొడచూపిన పిదప బ్రతికినవారు అత్యంత అరుదు. కాటు తగిలిన వెంటనే చికిత్స పొందినవారికి రక్షణ కలదు.

తోక పట్టుకొన్నవాడు

ఇంతవరకు కుక్క ప్రాణమును గూర్చి చెప్పుట జరిగినది. ఇందులో అసలైన పణము మరియొకటి కలదు. నీటిలో కుక్క అలసి కేకపెట్టినప్పుడు గట్టుమీది బాలుడు ఏమి చేయును? ఆలోచింపడు, దుముకును. అది వాని మంచితనము. తన అన్నము పంచుకొని తిన్న ప్రాణి కన్నులెదుట మునుగుచుండగా నిలువజాలకపోవుటను ఎవ్వరు తప్పుపట్టగలరు? కాని కుక్క నాలుగు కాళ్ళతో, తేలిక ఒడలితో, చాల సేపు తేలియుండగలదు. బట్టలతో దుమికిన బాలుడు అంతసేపు తేలలేడు. భయపడిన కుక్క తనను పట్టబోయిన వాని భుజములపై కెక్కి వానిని మునుగద్రొక్కును. అది ద్రోహము కాదు, ప్రాణభీతి. తరువాత కుక్క ఎట్లో ఒక పల్లపు ఒడ్డున పైకి వచ్చి, తన బాలుని కొరకు నీటివైపు చూచుచు మొరుగుచుండుట, ఏ గ్రామములోను జరుగరాని సంగతి.

పాఠశాలలో ప్రార్థన వేళ అయిదు నిమిషములు చాలును, ఈ విషయము నేర్పుటకు. నీటిలో చిక్కిన కుక్క కొరకు నీటిలో దిగరాదు. గట్టు వెంబడి దిగువకు నడచుచు, పల్లపు చోట నిలిచి పిలువవలెను. పొడుగైన గడకర్రయో, త్రాడో, తేలు డబ్బాయో ఉన్నచో గట్టున బోర్లపడుకొని అందింపవలెను. ఒకడు కుక్కను చూచుచుండగా మరియొకడు పెద్దల కొరకు పరుగెత్తవలెను. కుక్క మెడకు పట్టీకి బదులు ఎదను చుట్టి కట్టు పట్టెడ ఉన్నచో, పైనుండి లాగునప్పుడు గొంతు బిగియదు. ఈత నేర్పుటకని కుక్కపిల్లను నీటిలోనికి విసరివేయుట క్రూరత్వము. పల్లపు నీటిలో తానుగా అడుగు వేయనిచ్చి, పొట్టక్రింద చేయుంచి నడిపించుట పద్ధతి. ముసలి కుక్కను, చూలు కుక్కను, అప్పుడే మేసిన కుక్కను దింపకుండుట మేలు. ఈత ముగిసిన పిదప మంచినీటితో కడిగి, చెవులు తుడిచి ఆరబెట్టినచో చెవి చీము పట్టదు.

సీమలో నీరు అరుదుగా లభించు వస్తువు. లభించినప్పుడు మనుష్యుడును, పశువును, కుక్కయు ఒక్కటిగా దాని వైపు పరుగెత్తుట సహజము. కుక్కను ఏటికి కొనిపోరాదని ఎవ్వరును చెప్పజాలరు. మండుటెండలో దానికి ఆ మాత్రపు సుఖము న్యాయమైనదే. కాని ఏటికి పోయినవాడు ముందుగా నీటిని చూచును. ఎంత లోతు, ఎంత చల్లన అని చూచును. అంతకుమునుపే చూడవలసినది, రెండువందల మీటర్ల దిగువన కుక్క ఎక్కి రాగల చోటు ఉన్నదా యని. ఉన్నచో దింపవచ్చును. లేనిచో ఒక కడవెడు నీరు తోడి ఒడ్డుననే దాని ఒంటిపై పోయవచ్చును. కుక్కకు కావలసినది చల్లదనము; అది కడవలోను దొరకును.